మంచుకొండల ముండ్లపొద

మన పెరటిలోని చామంతిని ఎఱుగని బాలబాలికలు ఉండరు. సంక్రాంతి దినములలో గుమ్మములకు తోరణమై వ్రేలాడు బంతిపూవును, పేరునందే పొద్దును నిలుపుకొన్న పొద్దుతిరుగుడును మీరు పలుమారులు చూచియుందురు. పొలముగట్ల వెంబడి తనంత తాను మొలచు గడ్డిచామంతియు, తేమగల తావులలో పెరుగు గుంటగలగరయు మీకు క్రొత్తవి కావు. ఆకారమున, పరిమాణమున వేరువేరుగ కనిపించు ఈ మొక్కలన్నియు ఒకే కుటుంబమునకు చెందినవని వృక్షశాస్త్రజ్ఞులు చెప్పుదురు.

ఈ కుటుంబపు పూలలో ఒక విశేషము కలదు. మనము ఒక చామంతిపూవు అని పిలుచునది నిజముగ ఒక పూవు కాదు. అది అనేకములైన చిన్న పూవుల సముదాయము. ఒక పళ్ళెము వంటి పీఠముపై పదులకొలది, ఒక్కొక్కయెడ వందలకొలది చిరుపూవులు కిక్కిరిసి కూర్చుండును. వాని చుట్టును పచ్చని రేకుల వంటి పుటములు కోటగోడవలె కావలి కాయుచుండును. దూరమునుండి చూచు తుమ్మెదకు ఆ సభ యంతయు ఒకే పెద్ద పూవుగ తోచును. బలహీనములైన చిన్నవి ఒకచోట చేరి పెద్దదానివలె కనిపించుట యను ఈ ఉపాయము చేతనే ఈ కుటుంబము లోకమంతట వ్యాపించినది. ఇందు ఇరువదియైదువేల కంటె నెక్కువ జాతులు కలవు.

ఇంత పెద్ద కుటుంబములో మనమెన్నడును చూడని బంధువులు కొందఱుండుట సహజమే కదా. అట్టి దూరపు బంధువు ఒకటి దక్షిణ అమెరికాలోని ఆండీసు పర్వతములపై, మంచు అంచున, ముండ్లు ధరించి నిలిచియున్నది. దానిపేరు చుకిరాగ. ఈ పాఠమున దాని చరిత్రమును తెలిసికొందము.

ఆండీసు పర్వతశ్రేణి దక్షిణ అమెరికా పడమటి తీరము వెంబడి సుమారు 7,000 కిలోమీటర్ల పొడవున వ్యాపించియున్నది. అందు ఈక్వెడారు దేశమున చింబొరాజో అను అగ్నిపర్వతము కలదు. దాని ఎత్తు 6,263 మీటర్లు. ఎవరెస్టు శిఖరముతో పోల్చిన ఇది చాల తక్కువయే. అయినను భూమి మధ్యభాగమున కొంచెము ఉబ్బియుండుటచేతను, చింబొరాజో భూమధ్యరేఖకు అతి సమీపమున నుండుటచేతను, భూకేంద్రమునుండి కొలిచినచో దీని శిఖరమే అన్నింటికంటె దూరమున నున్నది. ఎవరెస్టు శిఖరమునకంటె ఇది సుమారు రెండు కిలోమీటర్లు అధికముగ ఆకసమువైపు చొచ్చుకొనియున్నది.

ఈ పర్వతముల వాలులందు అడవి ముగిసిన చోటునుండి శాశ్వతముగ మంచు నిలుచు చోటువఱకు గల ప్రదేశమును అచ్చటివారు పారమో అందురు. అచ్చట పెద్ద వృక్షములు పెరుగవు. గడ్డిదుబ్బులు, నేలనంటుకొని పెరుగు మెత్తని మొక్కలు, అక్కడక్కడ ముండ్లపొదలు మాత్రమే కనిపించును. మన ఆంధ్రదేశపు తూర్పుకనుమలలో అన్నింటికంటె ఎత్తైన శిఖరములు కూడ 1,700 మీటర్లు దాటవు. చుకిరాగ జాతులలో ప్రసిద్ధమైనది 3,500 మీటర్లకు పైబడిన తావులలో సుఖముగ పెరుగును. ఈ రెండంకెలను ప్రక్కప్రక్కన నుంచి ఆలోచించిన యెడల దాని నివాసమెట్టిదో మీకు కొంత బోధపడును.

ఆ ఎత్తులో గాలి పలుచన. 4,000 మీటర్ల యొద్ద వాయుపీడనము సముద్రతీరమున నుండుదానిలో నూటికి అఱువది పాళ్ళు మాత్రమే. పగటివేళ సూర్యకిరణములు తీక్ష్ణముగ తాకును. ప్రొద్దు క్రుంకినంతనే వేడిమి యంతయు ఆకసమున కెగిరిపోయి నేలపై నీరు గడ్డకట్టును. భూమధ్యరేఖ దాపున నుండుటచే అచ్చట మనకువలె వేసవికాలము, శీతకాలము అను భేదము అంతగా లేదు. ప్రతి పగలును ఒక వేసవి, ప్రతి రాత్రియు ఒక శీతకాలము. ఒక్క దినములోనే రెండు ఋతువులను సహింపవలసిన మొక్క ఎట్టిదై యుండవలయునో మీరే ఊహింపుడు.

చుకిరాగ దేహమంతయు ఈ ప్రశ్నకు సమాధానమువలె నున్నది. అది మనిషి నడుమెత్తు మొదలుకొని నిలువెత్తువఱకు పెరుగు గుబురుపొద. దాని ఆకులు చిన్నవి, దళసరివి, తోలువలె గట్టివి. అవి కొమ్మను కప్పుచు ఒకదానిపై నొకటి పెంకుటింటి పెంకులవలె అమరియుండును. పెద్ద ఆకైనచో గాలికి చిరుగును, ఎండకు తడి నార్చుకొనును, రాత్రి చలికి కమలిపోవును. చిన్నదియు గట్టిదియు నైన ఆకు నీటిని పొదుపుగ వాడుకొనును. ప్రతి ఆకు కొనయందును సూదివంటి మొన కలదు. కొన్ని జాతులలో ఆకుల మొదళ్ళ యొద్ద వేరుగ ముండ్లు కూడ నుండును. పచ్చిమేత కఱవైన కొండలపై మేయు జంతువుల నోటినుండి ఈ ముండ్లే దానిని రక్షించును.

పొద ఇంత కఠినముగ నున్నను దాని పూవు మనోహరము. కొమ్మల చివర నారింజవన్నెగల పూగుత్తి యొకటి దివిటీవలె వెలుగుచుండును. మన పొద్దుతిరుగుడు పూవునకు చుట్టును పసుపురేకులుండును గదా. చుకిరాగ గుత్తికి అట్టి రేకులు లేవు. గుత్తిని కావలికాయు పుటములే అనేక వరుసలుగ పేర్చబడి, నారింజరంగు పొంది, రేకుల పనిని తామే చేయుచున్నవి. వాని నడుమనుండి గొట్టములవంటి చిరుపూవులు పైకి వచ్చును. గింజ పండిన పిమ్మట దానికి పక్షియీకవంటి మెత్తని కుచ్చు ఏర్పడును. ఆ కుచ్చు సాయమున గింజ గాలిలో తేలి క్రొత్త తావులకు పోయి మొలచును.

ఈ మొక్క పేరును గూర్చి ఒక మాట చెప్పవలయును. ఆండీసు ప్రజలు మాటలాడు కెచువా భాషయందు చుకి అనగా ఈటె. కొండవాసులు మొనదేలిన ఈ పొదకు తమ భాషలో ఏనాడో పేరు పెట్టుకొనిరి. ఫ్రాన్సు దేశపు వృక్షశాస్త్రజ్ఞుడు ఆంట్వాన్ లోరాన్ దె జుస్యూ 1789లో ప్రకటించిన గ్రంథమున ఈ ప్రజాతిని శాస్త్రీయముగ వర్ణించుచు, స్థానికుల పేరునే శాస్త్రనామముగ గ్రహించెను. ఈక్వెడారు కొండలపై పెరుగు ప్రసిద్ధజాతికి తరువాత జుస్యూ పేరు చేర్పబడినది. ఈ ప్రజాతిలో నేడు ఇరువదికి పైగా జాతులు గుర్తింపబడినవి. అవి ఉత్తరమున కొలంబియా మొదలుకొని దక్షిణమున అర్జెంటీనా, చిలీ దేశములలోని పాటగోనియా మైదానములవఱకు వ్యాపించియున్నవి.

ఇక చుకిరాగ నమ్ముకొని బ్రదుకు ఒక చిన్న ప్రాణిని గూర్చి వినుడు. అమెరికా ఖండములయందు మాత్రమే హమ్మింగు పక్షులు కలవు. అవి మన తేనెపిట్టలవలె పూదేనె త్రాగును గాని, మన పిట్టల కుటుంబమునకు చెందినవి కావు. రెక్కల నతివేగముగ విదల్చుచు, గాలిలో ఒక్కచోట నిలిచి, పూవులోనికి నాలుక చాచి తేనె గ్రోలుట వాని అలవాటు. వానిలో చింబొరాజో పర్వతము పేరు ధరించిన పక్షి యొకటి కలదు. ఆంగ్లమున దానిని హిల్‌స్టారు అందురు. అనగా కొండనక్షత్రము. మగపక్షి శిరస్సు ఊదావన్నెతో తళతళలాడును. రొమ్ము తెల్లన. బరువు సుమారు 8 గ్రాములు. అనగా మన రూపాయి నాణెములు రెండుమూడింటి బరువునకు మించదు. అంతటి అల్పప్రాణి మంచు అంచున కాపురము చేయుచున్నది!

పలుచని గాలిలో రెక్కలాడించుచు నిలుచుట ఎంతో శ్రమ. కావున ఈ పక్షి తక్కిన హమ్మింగు పక్షులవలె గాలిలో నిలువక, చుకిరాగ గుత్తిని గాని, కొమ్మను గాని కాళ్ళతో పట్టుకొని కూర్చుండి తేనె త్రాగును. శక్తిని పొదుపు చేయుటయందు పొద యెట్టిదో పక్షియు నట్టిదే. అది ఒక గుత్తినుండి మరియొక గుత్తికి పోవునప్పుడు పుప్పొడియు దానితోకూడ పయనించును. చలిచే తుమ్మెదలు, సీతాకోకచిలుకలు అరుదైన ఆ ఎత్తులలో పొదకు ఈ పక్షి గొప్ప సాయము. పూవులంతగా లేని ఆ ఎత్తులలో పక్షికి పొదయే ముఖ్యమైన అన్నదాత.

పగటి సంగతి యిట్లుండ, రాత్రి యేమగును? అంత చిన్న దేహము రాత్రియంతయు వెచ్చగ నుండవలెనన్న, పగలు త్రాగిన తేనె యంతయు నడిరేయికే వ్యయమగును. అందుచే ఈ పక్షులు చలిగాలి సోకని కొండపగుళ్ళలో, గుహలలో చేరి, దేహమును చల్లబడనిచ్చి, మూర్ఛవంటి నిద్రలో మునుగును. అప్పుడు గుండె వేగము తగ్గును, ఊపిరి మందగించును. పెరూ దేశపు ఆండీసులలో జరిపి 2020లో ప్రకటించిన పరిశోధనయందు, హమ్మింగు పక్షులలో ఒక జాతి పక్షి దేహోష్ణము రాత్రివేళ సుమారు 3 డిగ్రీల సెంటిగ్రేడునకు దిగినట్లు కొలిచిరి. తెల్లవారుటకు ముందే ఆ పక్షి వణకుచు తన్ను తాను వెచ్చజేసికొని, మరల తేనెకై బయలుదేరును. ఉదయమున దానికొఱకు ఒక పూగుత్తి సిద్ధముగ నుండవలయును. లేనిచో మరునాటి రాత్రి దానికి గడువదు.

ఈ ఆధారము ఎంత సున్నితమైనదో చెప్పుటకు ఒక దృష్టాంతము కలదు. 2017లో ఈక్వెడారు దక్షిణభాగమున సెర్రో దె ఆర్కోస్ అను కొండయొద్ద ఫ్రాన్సిస్కో సొర్నోసా అను పక్షిశాస్త్రజ్ఞునికి మునుపెన్నడును ఎఱుగని కొండనక్షత్రము కనిపించినది. దాని కంఠము నీలమణివలె మెఱయుచుండెను. మరుసటి ఏడు, అనగా 2018లో, దానిని నీలకంఠ జాతిగ లోకమునకు ప్రకటించిరి. ఆ పక్షులన్నియు కలిసి 750కి మించి యుండవనియు, అంతకంటె చాల తక్కువగ నుండుట సంభవమనియు వారు అంచనా వేసిరి. అవియు చుకిరాగ పొదలనే ఆశ్రయించియున్నవి. పశువులకు లేతగడ్డి మొలచునని కొందఱు కొండవాలులను తగులబెట్టుదురు. ఆ మంటలో గడ్డితోపాటు పొదలును కాలును. గడ్డి కొలది మాసములలో మరల మొలచును. నెమ్మదిగ పెరుగు పొద తిరిగి పూచుటకు ఏండ్లు పట్టును. అంతవఱకు పక్షి యెక్కడ బ్రదుకును? లోకమునకు పరిచయమైన నాడే ఆ పక్షి నాశనపు అంచున నున్నది.

చుకిరాగకు పక్షికిగల సంబంధమువలెనే, దానికి చామంతి కుటుంబముతో గల సంబంధమును ఆశ్చర్యకరమైనది. మొక్కల ఆకులలో పచ్చదనమునకు కారణమైన హరితరేణువులు కలవు. వానిలో వంశలక్షణములను వ్రాసియుంచు సన్నని సూత్రమువంటి పదార్థము కలదు. 1987లో రాబర్టు జాన్సెన్, జెఫ్రీ పామర్ అను అమెరికా శాస్త్రజ్ఞులు చామంతి కుటుంబపు మొక్కల హరితరేణువులను పరీక్షించిరి. వారు చూచిన మొక్కలలో దాదాపు అన్నింటియందును ఆ సూత్రములో ఒక పెద్ద భాగము తలక్రిందులై యున్నది. పుస్తకములో కొన్ని పుటలను ఊడదీసి తిరుగవేసి కుట్టినట్లని యనుకొనుడు. అయితే చుకిరాగయు, దాని దగ్గరి చుట్టములైన కొలది దక్షిణ అమెరికా మొక్కలును మాత్రము ఆ మార్పు లేక, ఇతర కుటుంబముల మొక్కలవలెనే పూర్వపు క్రమమును నిలుపుకొనియున్నవి.

దీని అర్థమేమి? ఆ తలక్రిందుల మార్పు జరుగుటకు ముందే చుకిరాగ వంశము తక్కిన కుటుంబమునుండి విడివడినదని అర్థము. ఒక వైపు వందకు లోపు జాతులు గల ఈ చిన్న శాఖ. మరియొక వైపు చామంతి, బంతి, పొద్దుతిరుగుడు మొదలుకొని వేలకొలది జాతులు గల మహాశాఖ. ఈ చిన్న శాఖ దక్షిణ అమెరికాలోనే యుండుటచేత, కుటుంబమునకు పుట్టినిల్లు ఆ ఖండమే కావచ్చునని విద్వాంసులు తలంచిరి. 2010లో పాటగోనియాయందు దొరకిన సుమారు నాలుగుకోట్ల డెబ్బదియైదు లక్షల ఏండ్లనాటి శిలాపుష్పమొకటి ఆ తలంపునకు బలము చేకూర్చినది. కావున మీ పెరటి చామంతి వంశవృక్షమును వెదకుచు పోయినచో, ఆ దారి ఆండీసుల దేశమునకే చేరవచ్చును.

చింబొరాజో పర్వతము శాస్త్రచరిత్రలో మరియొక కారణముచే ప్రసిద్ధము. 1802 జూను 23వ తేదీన జర్మనీ దేశీయుడగు అలెగ్జాండరు హంబోల్టు, తన మిత్రులు బోంప్లాన్, మాంటూఫారులతో ఆ కొండ నెక్కెను. అప్పటికి అంత యెత్తునకు ఎక్కినట్లు వ్రాసియుంచినవారు లేరు. ఊపిరాడక, చిగుళ్ళనుండి నెత్తురు కారుచుండగా, పెద్ద పగులు అడ్డుపడుటచే వారు శిఖరమును చేరక వెనుదిరిగిరి. శిఖరమును తొలిసారి చేరినవాడు ఎడ్వర్డు వింపరు. అది 1880లో. హంబోల్టు శిఖరమును చేరకున్నను, అంతకంటె విలువైన పని యొకటి చేసెను. ఏ యెత్తున ఏ మొక్క పెరుగునో గమనించి, 1807లో ఒక పెద్ద చిత్రపటమున కొండబొమ్మపై ఆయా ఎత్తులయందు మొక్కల పేరులు వ్రాసి ప్రకటించెను. ఎత్తు మారినకొలది వేడిమి మారుననియు, వేడిమినిబట్టి మొక్కలు తమ తావుల నెంచుకొనుననియు ఆ పటము ఒక్కచూపున తెలుపును.

ఆ పటము రెండువందల ఏండ్ల తరువాత మరల పనికివచ్చినది. 2012లో కొందఱు శాస్త్రజ్ఞులు చింబొరాజో నెక్కి, మొక్కల తావులను తిరిగి గుర్తించి, అవి సగటున 500 మీటర్లకు పైగా పైకి జరిగినవని 2015లో ప్రకటించిరి. అయితే 2019లో మరికొందఱు విద్వాంసులు హంబోల్టు చేతివ్రాతలను శ్రద్ధతో పరిశీలించి, ఆ పటములోని ఎత్తైన మొక్కల వివరములు చాలవఱకు చింబొరాజోవి కాక, అంటిసానా అను మరియొక అగ్నిపర్వతమునకు చెందినవని కనుగొనిరి. వారు అంటిసానాకు పోయి కొలువగా మొక్కలు జరిగినది 215 మొదలు 266 మీటర్లని తేలెను. అంకె తగ్గినది గాని సత్యము మారలేదు. భూమి వేడెక్కుచున్నది. మొక్కలు చల్లదనమును వెదకుచు పైకి పోవుచున్నవి. ఒకరు చెప్పినదానిని మరియొకరు మరల కొలిచి సరిదిద్దుటయే శాస్త్రమునకు బలమని ఈ వృత్తాంతము తెలుపుచున్నది.

కొండకు శిఖరము కలదు. పైకి జరుగు మొక్కకు ఒకనాడు జరుగుటకు చోటు చాలదు. దిగువనుండి పొలములు, మంటలు పైకి వచ్చుచుండ, ఎగువన రాయియు మంచును మిగిలియుండ, నడుమనున్న చుకిరాగ పట్టు సన్నగిల్లును. అది సన్నగిల్లిన తేనె సన్నగిల్లును. తేనె సన్నగిల్లిన పక్షి నశించును.

ఇందు మనుష్యుని మేలు కూడ ఇమిడియున్నది. ఈక్వెడారు కొండవాసులు చుకిరాగ పూవులను, ఆకులను కాచి, జ్వరమునకు కషాయముగ త్రాగుట పూర్వాచారము. పెరూలో మరియొక జాతిని మూత్రవ్యాధులకు ఇంటిమందుగ వాడుదురు. కట్టెలు దొరకని చోట్ల ఎండిన పొదయే వంటచెఱకు. వీనినన్నింటిని మించినది నీరు. పారమో నేల అగ్నిపర్వతపు బూడిదతోను, క్రుళ్ళిన ఆకులతోను కూడి, వానను, పొగమంచును దూదివలె పీల్చుకొని, మెల్లమెల్లగ వాగులలోనికి విడుచును. 2,850 మీటర్ల యెత్తుననున్న క్విటో రాజధానికి త్రాగునీరు ఈ పారమోల నుండియే వచ్చుచున్నది. నేలను పట్టియుంచు గడ్డియు పొదలును పోయిన నాడు ఆ నీటికిని ఆపద కలుగును. ఈ సంగతి గ్రహించి ఆ నగరమువారు 2000 సంవత్సరమున జలరక్షణ నిధి నొకదానిని నెలకొల్పిరి. నీరు వాడుకొనువారు చెల్లించు సొమ్ములో కొంత భాగము కొండపై గడ్డిని, పొదలను కాపాడుటకు వినియోగింపబడుచున్నది. నీటిబిందెను నింపునది కుళాయి కాదు, కొండ అని వారు తెలిసికొనిరి.

చుకిరాగ పెద్ద వృక్షము కాదు. దాని కలప మేడలకు పనికిరాదు. సంతలో దానికి పెద్ద వెల లేదు. అయినను మంచుగాలికి ఎదురొడ్డి నిలిచి, ముండ్లతో తన్ను రక్షించుకొనుచు, తేనెతో పరులను పోషించుచు, వేళ్ళతో నేలను కాపాడుచున్నది. మన ఊరి గట్లపై, గుట్టలపై కూడ పేరు తెలియని పొదలెన్నో కలవు. వానిపై ఏ పిట్ట వ్రాలుచున్నదో, ఏ పురుగు పుప్పొడి మోయుచున్నదో, ఏ వాగు వాని నీడను పుట్టుచున్నదో నిలిచి చూచువారు కొలదిమంది. నరికివేయుటకు ముందు ఒక్కసారి నిలిచి చూచుట నేర్చినవాడు ఆ పొదనే గాక, దానిని నమ్ముకొన్న ప్రాణులనెల్ల రక్షించినవాడగును.

ప్రశ్నలు

1. చామంతి కుటుంబపు పూవు నిజముగ ఒక పూవు కాదనుటకు కారణమేమి?
2. పారమో ప్రదేశపు శీతోష్ణస్థితిని వర్ణించి, దానికి తగినట్లు చుకిరాగ దేహమెట్లు అమరినదో వ్రాయుడు.
3. కొండనక్షత్రమను పక్షికిని చుకిరాగకును గల పరస్పర సంబంధమును వివరింపుడు.
4. హంబోల్టు పటమునుబట్టి తరువాతి శాస్త్రజ్ఞులు తెలిసికొనిన దేమి? 2019లో ఏ పొరపాటు సరిదిద్దబడినది?
5. మీ ఊరి సమీపమున పెరుగు ఒక పొదను వారము దినములు గమనించి, దానిని ఆశ్రయించిన ప్రాణులను గూర్చి పది వాక్యములు వ్రాయుడు.